విండ్సర్ జాన్ టెబ్బట్

రౌస్ హిల్ నుంచి విండ్సర్ రోడ్డు పట్టుకొని వాయవ్యంగా సుమారు 15 కిలోమీటర్లు పోతే విండ్సర్ వస్తుంది. ఊరి తూర్పు చివర, హాక్స్‌బరీ నదికీ సౌత్ క్రీక్‌కూ నడుమ, ఒక పాత నక్షత్రశాల నేటికీ నిలిచి ఉంది. దానిని కట్టిన జాన్ టెబ్బట్ బొమ్మ 1984లో వెలువడిన నూరు డాలర్ల కాగితం నోటుమీద ఉండేది. ఆ నోటు మార్చినవారిలో ఎందరు ఆయన పేరు చదివారో!

టెబ్బట్ 1834 మే 25న విండ్సర్‌లోనే జన్మించారు. విశ్వవిద్యాలయపు చదువు లేదు. 1861 మే 13 రాత్రి, ఓడలవారు వాడే మామూలు దుర్భిణితో ఒక తోకచుక్కను పట్టుకొన్నారు. అది ఆ శతాబ్దపు గొప్ప తోకచుక్కలలో ఒకటైంది. మరుసటి ఏడాది సిడ్నీలో ప్రభుత్వ ఖగోళజ్ఞుని పదవి ఇస్తామంటే వద్దన్నారు. 1863లో సొంత పొలంలో, తన చేతులతోనే, చెక్కలతో నక్షత్రశాల కట్టుకొన్నారు.

తోకచుక్క ఏనాడో ఒకసారి వస్తుంది. ఎండ, గాలి, వాన రోజూ ఉండేవే. టెబ్బట్ ఆ సంవత్సరం నుంచే వాతావరణపు లెక్కలు రాయడం మొదలుపెట్టి, వాటిని పుస్తకాలుగా అచ్చువేయించారు. పేరు తెచ్చే పని కాదది. అయినా తోకచుక్కకంటే నాకు ఇదే పెద్ద పనిగా తోస్తుంది.

ఎందుకంటారా? మా మనవడు పెరట్లో ఒక చిన్న వాతావరణ కేంద్రం పెట్టాడు. మొదట దానిని పడమటి ఇటుక గోడకు బిగించాం. సాయంత్రం అది చూపిన వేడి గాలిది కాదు, గోడది! థర్మామీటరుకు నీడ ఉండాలి, చుట్టూ గాలి ఆడాలి, కింద పచ్చగడ్డి ఉంటే మేలు. వానకొలత గిన్నె కంచెకూ చెట్టుకూ వాటి ఎత్తుకు రెండింతలైనా దూరంగా ఉండాలి. అందులో బుల్లి దోనె ఒకటి 0.2 మిల్లీమీటర్ల వాన నిండగానే ఒరిగి ఒక లెక్క వేస్తుంది. కుండపోత కురిస్తే అది ఒరిగేలోపల కొంత నీరు లెక్కకు రాకుండా జారిపోతుంది. యూకలిప్టస్ ఆకు ఒక్కటి అడ్డుపడితే వాన ఆగిపోయిందనే చెబుతుంది. గాలి కొలిచే గిన్నెలు 10 మీటర్ల ఎత్తున ఉండాలంటారు. మన ఇళ్ల కప్పుల మధ్య అదెలా కుదురుతుంది? కుదరనప్పుడు ఆ అంకె మన పెరటి గాలిదే తప్ప రౌస్ హిల్ గాలిది కాదని గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ సరిచేసినా ఇంకొక పరిమితి మిగులుతుంది. 1867 జూన్‌లో హాక్స్‌బరీ విండ్సర్ వద్ద 19 మీటర్లకు పైగా లేచింది. ఈథర్ కుటుంబాలలో స్త్రీలూ పిల్లలూ కలిసి 12 మంది కొట్టుకుపోయారు. ఆ నీరంతా ఊళ్లో కురిసిన వాన కాదు. 20,000 చదరపు కిలోమీటర్లకు మించిన పరీవాహక ప్రాంతం నుంచి దిగివచ్చి, దిగువన సాక్‌విల్ ఇరుకు లోయ దాటలేక వెనక్కి నిండిన నీరు. వాకిట్లో గిన్నె ఎంత నిక్కచ్చిగా చెప్పినా అది చెప్పలేదు. టెబ్బట్ వానతోపాటు వరద ఎత్తులనూ రాసి ఉంచారు. 2022 జూలైలో విండ్సర్ వద్ద నీరు దాదాపు 14 మీటర్లకు చేరినప్పుడు, పాత వరదలతో పోల్చి చూడడానికి ఇలాంటి లెక్కలే ఆధారం.

మనవారిలోనూ ఇటువంటివారు లేకపోలేదు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని సాగించి, వాతావరణపు లెక్కలూ రాశారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ నరసింగరావును 1871లో, టెబ్బట్‌ను 1873లో సభ్యులుగా చేర్చుకొంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుంటే విశాఖలో ఆయనా, విండ్సర్‌లో ఈయనా చూశారు.

నరసింగరావు 1892లో కన్నుమూశారు. టెబ్బట్ 1916 నవంబరు 29న, తాను పుట్టిన విండ్సర్‌లోనే.