మాత్ర వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చినది మా స్టాకు రిజిస్టరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నంద్యాల ప్రాంతంలోని ఒక ఆరోగ్య కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా స్టోర్సు సీటు చూసేవాడిని. ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఇన్ని వచ్చినవి, ఇన్ని పోయినవి, నిల్వ ఇంత అని ఏళ్ల తరబడి వ్రాశాను. అందులోని ఫోలిక్ ఆసిడ్ వెనుక ఒక తెలుగువాడి కృషి ఉన్నదని అప్పట్లో నాకు తెలియదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం, చాలీచాలని సంసారం. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవక, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచారని, తల్లి పట్టుదలతో వెనక్కు రప్పించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. మనుమలు ఒకసారి తప్పితే ఇంటిల్లిపాదీ దిగాలుపడే ఈ రోజుల్లో ఇది గుర్తుంచుకోదగిన సంగతి. తరువాత రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అక్కడ గాంధీగారి పిలుపునందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చదువంతా పూర్తిచేసినా చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఇదే కాలంలో స్ప్రూ అనే వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో కన్నుమూశారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి ఆరిపోయే జబ్బు అది. మందు లేక తనవాళ్లు పోయిన ఆ దుఃఖమే ఆయనను జీవితాంతం నడిపించినదని నా నమ్మకం.

మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదరువుతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ పగలు హార్వర్డులో చదివారు. ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఎ.టి.పి.ని వెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. ప్రమోషను కోసం ఎదురుచూసిన బాధ మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన దానిని తలచుకుంటూ కూర్చోలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, కొద్దికాలానికే పరిశోధనాధిపతి అయ్యారు.

ఇక్కడ మన దేశపు కథ ఒకటి కలుస్తుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం పాలిపోయి ఎందుకు చనిపోతున్నారో పరిశీలించారు. ఈస్టుతో తయారైన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించారు. అందులో గుణమిచ్చే పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకుకు లాటిన్ మాట ఆధారంగా ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. టన్నులకొద్దీ ఆకు ఉడికిస్తే వచ్చేది చిటికెడే. దానిని ప్రయోగశాలలో తయారుచేసే పని సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం 1945లో సాధించింది. పేదరాలికి అందేంత చవకగా మాత్ర తయారుకావడానికి దారి అప్పుడు ఏర్పడింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా అది మందుగా పనిచేసింది.

ఎముకల మూలుగలో రక్తకణాలు పుట్టాలన్నా, గర్భంలో శిశువు పెరగాలన్నా కణాలు విడిపోతూ ఉండాలి. అందుకు ఫోలిక్ ఆసిడ్ కావాలి. అది చాలకపోతే రక్తకణాలు పెద్దవిగా, పచ్చివిగా ఉండిపోతాయి.

క్యాన్సరు కణానికి కూడా ఇదే ఆహారం. బోస్టన్‌లో పిల్లల వ్యాధులు పరిశీలించే సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ ఇస్తే జబ్బు ముదిరినట్లు కనిపించింది. అయితే దానికి విరుగుడు కావాలని అడిగారు. బియ్యంలో కలిసిపోయిన తెల్లరాయి చూపుకు గింజే, కాని ఆకలి తీర్చదు. సుబ్బారావు గారి బృందం అలాంటి రాయినే తయారుచేసింది. అదే అమినోప్టెరిన్. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించింది. 1948 జూన్‌లో ప్రకటించారు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లవాడికి ఆశ అన్నదే లేదు. దాని తమ్ముడివంటి మెథోట్రెక్సేట్, ఇతర మందులతో కలిసి, ఈనాడు అలాంటి పిల్లలను ఎందరినో బ్రతికిస్తున్నది. 1956లో మాయ నుండి పుట్టే క్యాన్సరు వచ్చిన స్త్రీలను కూడా అదే కాపాడింది. విచిత్రమేమంటే, ఫోలిక్ ఆసిడ్ గర్భిణికి రక్ష, దాని విరుగుడు మాత్రం కడుపులోని బిడ్డకు ప్రమాదం.

బోదకాలుకు హెట్రజాన్, అంటువ్యాధులకు ఆరియోమైసిన్ కూడా ఆయన ఏలుబడిలోనే వచ్చాయి. ఆరియోమైసిన్ కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ విశ్వవిద్యాలయంలో రిటైరైన వృద్ధుడు. డెబ్బై దాటిన ఆయనను పనికిరాడని అనుకోలేదు. పింఛనుదారులమైన మనకు ఇది సంతోషం కలిగించే విషయం.

ఇన్ని బిడ్డలకు ప్రాణం పోసిన మనిషి తన సొంత బిడ్డను చూడలేదు. ఆయన అమెరికా వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. భార్య శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది.

ఇక నా సంగతి. గర్భిణులకు ఈ మాత్రలు ఉచితంగా ఇచ్చే కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 1970లో మొదలుపెట్టింది. ఒక ఏడాది ఆళ్లగడ్డ వైపు ఉపకేంద్రాల ఇండెంటు ఏదో కొర్రీతో నా బల్ల మీదికి వచ్చింది. ఇంట్లో పెండ్లి ఉండి సెలవు పెట్టాను. ఫైలును పెండింగు కట్టలో కట్టి వెళ్లాను. అక్కడి నర్సమ్మ రెండుసార్లు బస్సెక్కి వచ్చి ఖాళీ చేతులతో తిరిగిపోయింది. మూడు వారాలు గడిచాయి. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఇచ్చిన మా అక్కకు అప్పుడు మూడో కాన్పు. ప్రసవంలో రక్తం పోయి, జీపులో నంద్యాల తీసుకొచ్చారు. ముందునుంచే ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ అన్నారు. నేను రక్తమిచ్చాను. అక్క బ్రతికింది, బిడ్డ దక్కింది. మూడు వారాల మాత్రల వల్లనే అంతా జరిగిందని చెప్పలేను. కాని అక్క ఇంట్లో అటక మీద ఖాళీ అయిన పాత మాత్రల పొట్లం చూసినప్పుడు, రిజిస్టరులో నేను వ్రాసిన సున్నా గుర్తుకొచ్చింది. ఆనాటి నుండి రిటైరయ్యేవరకు మందుల ఫైలు ఒక్కటి కూడా నా బల్ల మీద రాత్రి నిద్ర చేయలేదు.

మన ఇండ్లలో కోడళ్లు, మనుమరాండ్రు ఉన్నారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుందని భయపడి పారవేయవద్దు, అది ఇనుము రంగే. టీతో కాక, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. బిడ్డ వెన్నెముక, మెదడుకు పునాది మొదటి నాలుగు వారాల్లోనే పడుతుంది. కనుక గర్భం కోరుకునేటప్పుడే డాక్టరు సలహాతో ఫోలిక్ ఆసిడ్ మొదలుపెట్టాలి. ఇది పెద్దలమైన మనం చెబితే వింటారు.

అక్కకు ఆ కాన్పులో పుట్టిన మేనకోడలు ఇప్పుడు అమ్మమ్మ అయింది. మొన్న నంద్యాలలో ఆమె కూతురిని చూడడానికి వెళ్తే, మంచం పక్కన అవే మాత్రలు కనిపించాయి. ఆ పిల్లకు సుబ్బారావు గారి కథ చెప్పి వచ్చాను.