భాస్వరం కొలతతో మొదలైన ప్రస్థానం: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు
(జనవరి 12 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకొనేందుకు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి అనుసరించిన విధానానికి ఒక తెలుగు శాస్త్రవేత్త పేరున్నది. అదే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో దీనిని ప్రకటించారు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో శస్త్రచికిత్స వేళ ఖద్దరు దుస్తులు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరుకున్నారు. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశారు. స్వదేశంలో జన్మించిన కుమారుడు శైశవంలోనే మరణించగా, ఆయన మాత్రం మరి తిరిగి రాలేదు.

ఈ పద్ధతి వినడానికి సులభమే. నమూనా నుండి మాంసకృత్తులను తొలగించి, మాలిబ్డేట్‌ను, ఒక క్షయకరణ ద్రవ్యాన్ని కలిపితే ద్రావణం నీలిరంగుకు మారుతుంది. రంగు గాఢత భాస్వరం పరిమాణాన్ని తెలుపుతుంది. నాడు కలోరిమీటర్‌లో రెండు ద్రావణాల రంగులను కంటితో పోల్చి చూసేవారు. తదుపరి కాలంలో ఆ పనిని కాంతి విద్యుత్ ఘటం, ఎలక్ట్రానిక్ మీటరు చేపట్టినప్పటికీ వాటి వెనుకనున్న రసాయన సూత్రం మారలేదు.

కండరాల రసంలో నీలిరంగు ఒక్కసారిగా స్థిరపడక క్రమంగా పెరగడం ఈ ఇద్దరినీ ఆలోచింపజేసింది. ఏదో అస్థిర పదార్థం విచ్ఛిన్నమై భాస్వరాన్ని విడుదల చేస్తున్నదని గ్రహించారు. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగులోకి వచ్చింది. 1929లో ఏటీపీని కూడా గుర్తించారు. అయితే ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారని వ్రాయడం సరికాదు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని ప్రకటించారు.

హార్వర్డ్‌లో శాశ్వత స్థానం లభించకపోవడంతో 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని ప్రకటించింది. యౌవనంలో ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి అది ఔషధమైనది. గోదావరి జిల్లాలను దీర్ఘకాలం పీడించిన బోదకాలు వ్యాధికి నేటికీ ఇస్తున్న డైఇథైల్‌కార్బమజీన్ సైతం ఆ బృందం కృషి ఫలితమే. ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, పలువురిలో తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు 1948 జూన్‌లో వెల్లడించారు. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేడు క్యాన్సర్‌కే గాక కీళ్లవాతానికీ వాడుకలో ఉన్నది.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టు 8న, సుబ్బారావు 53 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.