రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ విర్కో (అక్టోబరు 13, 1821 - సెప్టెంబరు 5, 1902) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, వ్యాధి విజ్ఞాన శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. ప్రతి జీవకణమూ మరొక కణం నుండే పుడుతుందన్న సూత్రానికి ప్రాచుర్యం కల్పించినవాడిగా విద్యార్థులకు ఇతడు పరిచితుడు. ఒకచోట గడ్డకట్టిన రక్తం శరీరంలో మరొక చోటికి ప్రయాణించి ప్రాణం తీయగలదని ప్రయోగపూర్వకంగా నిరూపించినదీ ఇతడే.

బాల్యం, విద్య

విర్కో ప్రష్యా రాజ్యంలోని పొమరేనియా ప్రాంతంలో షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి వ్యవసాయదారుడు, పట్టణ కోశాధికారి. కుటుంబం సంపన్నమైనది కాదు. సైన్యంలో వైద్యులుగా పనిచేసేందుకు అంగీకరించిన ప్రతిభావంతులకు బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాలయం ఉచితంగా చదువు చెప్పేది. 1839లో విర్కో అందులో చేరి, యోహానెస్ ముల్లర్ వంటి ఆచార్యుల వద్ద చదివి, 1843లో వైద్య పట్టా పొందాడు. తరువాత బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో శవపరీక్షల విభాగాధిపతి రాబర్ట్ ఫ్రోరీప్‌కు సహాయకుడయ్యాడు. 1846లో ఆ పదవి ఇతనికే లభించింది.

రక్తపు గడ్డలపై పరిశోధన

సిరల వాపును గురించి పరిశీలించమని ఫ్రోరీప్ ఈ యువకునికి పని అప్పగించాడు. దాదాపు అన్ని వ్యాధులకూ సిరల వాపే మూలమని పారిస్‌కు చెందిన క్రూవేయే బోధిస్తున్న రోజులవి. ఆయన మాటకు ఐరోపా అంతటా ఎదురులేదు. మంచం పట్టిన రోగి ఉన్నట్టుండి ఊపిరాడక మరణిస్తే, శవపరీక్షలో పుపుస ధమనిలో గడ్డ కనిపించేది. అది అక్కడే పుట్టిందని వైద్యులు భావించేవారు.

విర్కో ఆ గడ్డలను ఓపికగా పరిశీలించాడు. అటువంటి రోగులలో చాలామందికి కాళ్ళ సిరలలో కూడా గడ్డలు ఉన్నాయి. కొన్నిచోట్ల సిరలోని గడ్డ కొస తెగిపోయినట్లు ఉండి, ఊపిరితిత్తులలో దొరికిన ముక్క దానితో సరిపోయేది. సిరలలోని రక్తం గుండె కుడి భాగానికి చేరి, అక్కడి నుండి ఊపిరితిత్తులకు పోతుంది కనుక, తెగిన ముక్క కూడా ఆ దారినే వెళ్ళి ఇరుకైన చోట చిక్కుకుంటుందని ఊహించాడు. ఊహతో ఆగలేదు. కుక్కల మెడ సిరలోకి రబ్బరు ముక్కలు, మానవ శవాల నుండి తీసిన గడ్డలు ప్రవేశపెట్టి చూశాడు. అవి పుపుస ధమనులలో దొరికాయి. అప్పటికి అతని వయస్సు పాతికేళ్ళు.

రక్తనాళంలో రక్తం గడ్డకట్టడాన్ని త్రాంబోసిస్ అనీ, ఆ గడ్డ కొట్టుకుపోయి వేరొక నాళాన్ని మూసివేయడాన్ని ఎంబోలిజం అనీ పిలిచాడు. మొదటిదానికి గ్రీకు భాషలో గడ్డ అనీ, రెండవదానికి బిరడా వంటిది అనీ మూలార్థాలు. ఈ పరిశోధనలను 1856 నాటి తన వ్యాస సంపుటిలో సమగ్రంగా ప్రచురించాడు.

రక్తప్రవాహం మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలను నేటి వైద్య విద్యార్థులు విర్కో త్రయం పేరుతో చదువుతారు. వీటిని మూడింటిని ఒక సూత్రంగా కూర్చింది మాత్రం అతడు కాదు. అతని రచనలలో విడివిడిగా ఉన్న అంశాలకు ఆ పేరు పెట్టినది ఇరవయ్యవ శతాబ్దపు వైద్యులు. శస్త్రచికిత్స జరిగినవారిని వీలైనంత త్వరగా లేపి నడిపించడానికి, దీర్ఘ ప్రయాణాలలో కాళ్ళు కదిలిస్తుండమని చెప్పడానికి ఈ అవగాహనే ఆధారం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి రావడం వంటి లక్షణాలను వైద్యులు అశ్రద్ధ చేయనిది కూడా ఇందువల్లనే. హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులు విర్కో మరణానంతరం వచ్చినవి.

సామాజిక, రాజకీయ జీవితం

1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరాలు ప్రబలినపుడు ప్రభుత్వం విర్కోను అక్కడికి పంపింది. ఆకలి, అవిద్య, స్వపరిపాలన లేకపోవడమే రోగానికి అసలు కారణాలని అతడు నివేదిక ఇచ్చాడు. అక్కడి ప్రజల భాష అయిన పోలిష్‌కు పాలనలో స్థానం ఇవ్వాలని కూడా కోరాడు. మందులు సూచిస్తాడనుకున్న ప్రభుత్వానికి ఇది రుచించలేదు. అదే సంవత్సరం బెర్లిన్ తిరుగుబాటులో కూడా పాల్గొనడంతో షారిటేలో అతని స్థానానికి ముప్పు వచ్చింది. 1849లో వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1856లో ఆచార్యునిగా బెర్లిన్ తిరిగివచ్చాడు. 1858లో కణ వ్యాధిశాస్త్రంపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు.

బెర్లిన్ నగర సభ సభ్యునిగా మురుగునీటి వ్యవస్థ నిర్మాణానికి కృషి చేశాడు. ప్రష్యా శాసనసభలో బిస్మార్క్‌ను తీవ్రంగా వ్యతిరేకించాడు. 1865లో బిస్మార్క్ ద్వంద్వయుద్ధానికి పిలువగా విర్కో నిరాకరించాడు. పురుగులున్న సాసేజ్‌ను ఆయుధంగా ఎంచుకున్నాడన్న కథ ప్రచారంలో ఉన్నా, దానికి నమ్మదగిన ఆధారం లేదు.

పొరపాట్లు

పెద్దల మాటను పరీక్షించి పేరు తెచ్చుకున్న విర్కో, తానే పెద్దవాడైన తరువాత కొన్ని కొత్త సత్యాలను అంగీకరించలేకపోయాడు. ప్రసూతి జ్వరంపై సెమ్మెల్‌వైస్ సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. సూక్ష్మజీవులే వ్యాధి కారకాలన్న వాదాన్ని చాలాకాలం అనుమానించాడు. నియాండర్తల్ మానవుని ఎముకలను రోగగ్రస్తుడైన ఆధునిక మానవునివిగా భావించాడు.

మరణం

1902 జనవరిలో బెర్లిన్‌లోని లైప్‌జిగ్ వీధిలో కదులుతున్న ట్రాము నుండి దిగబోయి విర్కో పడిపోయాడు. తుంటి వద్ద తొడ ఎముక విరిగింది. ఎనభై ఏళ్ళ వయస్సులో మంచానికి పరిమితమై, పూర్తిగా కోలుకోలేక, సెప్టెంబరు 5న గుండె బలహీనతతో మరణించాడు. బెర్లిన్‌లోని సెయింట్ మాథ్యూ పాత శ్మశానవాటికలో ఖననం చేశారు. 1913లో మరణించిన భార్య రోజ్ సమాధి కూడా అక్కడే ఉంది.