ఆర్యభటుడు

గుప్తుల కాలమున, క్రీ.శ. 476లో ఆర్యభటుడు జన్మించెను. కుసుమపురమున పేరుగాంచిన ఆ యువకుడు 23 ఏండ్ల ప్రాయముననే ‘ఆర్యభటీయము’ రచించెనని పండితుల తలంపు.

భూమి నిశ్చలమనియు, నక్షత్రచక్రమే దానిచుట్టు దినమున కొకమారు తిరుగుననియు నాటివారి నమ్మకము. నావలో పోవువానికి గట్టుమీది చెట్లు వెనుకకు సాగునట్లు తోచును. అట్లే భూమి తూర్పునకు తిరుగుటచేతనే నక్షత్రములు పడమటికి పోవునట్లు కనబడునని ఆర్యభటుడు నిర్ణయించెను. గ్రహణములకు రాహువు గాక, చంద్రుడును భూచ్ఛాయయు కారణమనెను. ఐనను విశ్వమధ్యమున భూమినే నిలిపెను.

భూమి తిరిగినచో గూడు విడిచిన పక్షులు మరల గూటికి చేరనేరవని వరాహమిహిరుడు ఆక్షేపించెను. వాయువును భూమితోడనే తిరుగునని నేడు విద్యార్థు లెరుగుదురు. 628లో బ్రహ్మగుప్తుడును ఆ మతమును ఖండించెను. అంతకన్న విచారకరమైనది అనుయాయుల సంకోచము. గురువును పూజించుచునే పలువురు వ్యాఖ్యాతలు, భూభ్రమణము తోచుట మాత్రమేయని అర్థము మార్చిరి.

గ్రంథము మాత్రము నిలిచెను. 15వ శతాబ్దిలో తెలుగునాట యల్లయయు దానికి వ్యాఖ్య రచించెను. 1543లో కోపర్నికసు సూర్యుని కేంద్రమున నిలిపి, భూభ్రమణమును చాటెను. 1975లో భారతదేశపు తొలి ఉపగ్రహము ఆర్యభటుని పేర నింగి కెగసెను.

గురుభక్తి యనగా గురువు మాటను లోకమునకు నచ్చునట్లు దిద్దుట కాదు. దానిని పరీక్షించి నిలుపుట.