థామస్ యంగ్

థామస్ యంగ్ (జూన్ 13, 1773 - మే 10, 1829) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త. ఈయన సోమర్సెట్‌లోని మిల్వర్టన్‌లో జన్మించాడు. కాంతి తరంగ సిద్ధాంతాన్ని సమర్థించినవారిలో ప్రముఖుడు.

స్పర్శకోణం

ద్రవాల సంసంజనంపై ఈయన వ్రాసిన వ్యాసం 1805లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. ప్రతి ఘన, ద్రవ జంటకు నియతమైన స్పర్శకోణం ఉంటుందని అందులో వివరించాడు. ఈ కోణం 90 డిగ్రీలకు మించితే, గాజుపై పాదరసం వలె, ద్రవం బిందువులుగా నిలుస్తుంది. తగ్గేకొద్దీ మరింత పరచుకుంటుంది. కళాయి వేసేటప్పుడు నవాసాగరం రాగిపాత్రపై ఉన్న ఆక్సైడు పొరను తొలగిస్తుంది. అప్పుడే కరిగిన తగరం పలుచగా వ్యాపిస్తుంది.

యంగ్ సమీకరణాలు లేకుండా మాటలలోనే వ్రాసినందున వ్యాసం క్లిష్టమైనది. 1806లో లాప్లాస్ ఈ విషయంపై గణిత సిద్ధాంతాన్ని ప్రచురించాడు. అయినను స్పర్శకోణ సూత్రం యంగ్ సమీకరణంగానే ప్రసిద్ధి పొందినది.