ఆముదంతో ఇంజన్లు నడిపించిన వేక్‌ఫీల్డ్

మన గోడ పత్రికలో గాంధీ గురించి, అంబేద్కర్ గురించి రాసేవాళ్లు చానామంది ఉన్నారు. నేను ఈ తడవ చార్లెస్ వేక్‌ఫీల్డ్ గురించి రాస్తున్నాను. మన ఆదోని, పత్తికొండ పక్క మెట్టచేలల్లో పండే ఆముదాలకూ ఈయనకూ సంబంధం ఉంది.

ఈయన 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టినాడు. ఇంజన్ల నూనె అమ్మే ఒక అమెరికా కంపెనీలో కొలువు చేసినాడు. 1899లో, నలభై ఏళ్లు దగ్గర పడినాక, ఆ కొలువు వదిలేసి లండన్‌లో సొంత కంపెనీ పెట్టినాడు. ఆ వయసులో జీతం వదులుకోవడం మాటలు కాదు. పాత కంపెనీలోని ఎనిమిది మంది కూడా ఆయన వెంట వచ్చేసినారు.

మొదట రైలింజన్లకు, పెద్ద యంత్రాలకు నూనె అమ్మినారు. అంతలో మోటారు కార్లు, విమానాలు వచ్చినాయి. వాటితోపాటు ఒక చిక్కూ వచ్చింది. చలిలో ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు నూనె పలచగా ఉండాల. ఇంజను కాగినాక అదే నూనె నీళ్ల మాదిరి అయిపోకూడదు. అయితే ఇనుమూ ఇనుమూ రాసుకొని అరిగిపోతాయి. దీనికి వాళ్లు పట్టిన ఉపాయం ఆముదం. కాగినా అది లోహాన్ని పట్టుకొనే ఉంటుంది. మన పెద్దోళ్లు ఎద్దులబండి ఇరుసుకు ఆముదం పూసింది ఊరికే కాదు! 1909లో ఆముదం కలిపిన ఆ నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టినారు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, దాన్నుంచి వచ్చిన పేరే అది.

మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు కూడా ఆముదంతోనే తిరిగినాయి. ఆ పొగ మింగి పైలట్లకు కడుపు కదిలేదంట. ఆముదం తాగిన పిల్లోళ్లకు ఆ బాధ తెలుసు.

వేక్‌ఫీల్డ్ 1915లో లండన్ నగరానికి లార్డ్ మేయర్ అయినాడు. 1930లో ఏమీ జాన్సన్ అనే ఆమె ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపింది. అట్ల పోయిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమె విమానం కొనడానికి ఈయన డబ్బు సాయం చేసినాడు. 1941లో ఈయన చనిపోయినాడు.

ఆయన కాలం నాటి చిక్కు ఇప్పుడూ ఉంది. మా మామ డోన్‌లో పాత ఫియట్ పద్మినిని పెండ్లిళ్లకు బాడుగకు తిప్పుతాడు. ఒక అంగట్లో కొత్త కార్లకు పోసే పలచటి నూనె అంటగట్టినారు. మే నెల ఎండలో ఇంజను కాగి, సందుల్లోంచి నూనె కారి, మీటరు దగ్గర ఎర్రలైటు వెలిగింది. మూడు నెలల బాడుగ రిపేరుకే పోయింది, ఆ ఏడు మా అత్త చేతి గాజులు కూడా కుదవకు పోయినాయి. ఇప్పుడు మామ 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ డబ్బా మీద చూసే కొంటాడు. మొదటి అంకె చలిలో నూనె ఎట్ల పారుతుందో చెబుతుంది, రెండోది కాగినాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మన ఎండకు, అరిగిన ఇంజనుకు రెండో అంకె ముఖ్యం. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండి చదునుగా నిలబెట్టి, పుల్ల తీసి రెండు గీతల మధ్య నూనె ఉందా అని చూస్తాడు.

అట్లని ఇంట్లో ఆముదం తెచ్చి పోయొద్దు. నిలవుండేకొద్దీ అది జిగురుగా మారి ఇంజను లోపల అంటుకుంటుంది. అందుకే మామూలు కారు నూనెల్లో ఇప్పుడు ఆముదం కలపరు. మామ ఫియట్ చక్రాల బేరింగులకు పెట్టే లిథియం గ్రీజులో మాత్రం ఆముదం నుంచి తీసిన సరుకు ఉంటుంది.