నాటు మందు నుంచి గుండె మందు – విలియం విథరింగ్

విలియం విథరింగ్ 1741లో ఇంగ్లాండులోని వెల్లింగ్టన్ అనే ఊళ్ళో జన్మించాడు. ఎడింబరోలో చదివి 1766లో డాక్టరయ్యాడు. చదువుకునే రోజుల్లో ఆయనకి మొక్కల శాస్త్రమంటే అస్సలు పడేది కాదట! తర్వాత స్టాఫర్డ్‌లో ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న హెలెనా అనే ఆమె పూలబొమ్మలు వేసేది. ఆమె కోసం మొక్కలు ఏరి తెచ్చి తెచ్చి ఆయనకే వాటి పిచ్చి పట్టింది. 1772లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

ఆ కాలంలో ఒంటికి నీరుపట్టి చాలామంది చనిపోయేవారు. కాళ్ళు, పొట్ట పొంగుతాయి. పడుకుంటే ఊపిరాడదు. ఎందుకిలా? చాలాసార్లు కారణం గుండే. అది నీళ్ళ పంపులాంటిది. పంపు బలహీనపడితే ఒంటికి సరిపడా రక్తం అందదు, మూత్రపిండాలకీ అందదు. అప్పుడవి ఉప్పునీ నీటినీ బయటికి పంపకుండా ఆపేస్తాయి. ఆ నీరే కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. రక్తపోటు వల్ల, గుండె రక్తనాళాలు పూడిపోవడం వల్ల, కవాటాలు చెడిపోవడం వల్ల గుండె ఇలా అవుతుంది. మన వయసు పిల్లల్లో గొంతునొప్పి తర్వాత కీళ్ళవాతం జ్వరం వచ్చి కవాటాలు పాడవుతాయి. (గొంతునొప్పి వస్తే వార్డెన్ సారుకి చెప్పండి, దాచకండి.)

ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఈ జబ్బుకి రహస్యంగా మందిచ్చేది. డాక్టర్లు వదిలేసినవాళ్ళు కూడా కొందరు బాగయ్యేవాళ్ళు. 1775లో ఆ మందు సంగతేమిటని విథరింగ్‌ని అడిగారు. అందులో 20 లేదా ఇంకా ఎక్కువ రకాల ఆకులున్నాయి. పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఆకేనని ఆయన గుర్తుపట్టాడు. అంత చదివినవాడు నాటు మందని తీసిపారెయ్యలేదు చూశారా, నాకు అదే బాగా నచ్చింది.

కానీ ఆ ఆకు విషం. కొంచెం ఎక్కువైతే వాంతులు, చూపు పచ్చబడడం, నాడి మరీ నెమ్మదించి ప్రాణం పోవడం. మన గన్నేరులోనూ ఇలాంటి విషమే ఉంది. బర్మింగ్‌హాంలో ఏటా వేలమంది బీదవాళ్ళని ఉచితంగా చూస్తూ ఆయన పదేళ్ళు మోతాదు కోసమే కష్టపడ్డాడు. మొదట్లో ఎక్కువ ఇచ్చేశాడు. పూత సమయంలో కోసిన ఆకుని ఎండబెట్టి పొడిచేస్తే బలం ఒకేలా ఉంటుందని తెలుసుకున్నాడు. కొద్దిగా మొదలుపెట్టి, మూత్రం బాగా వచ్చినా, నాడి తగ్గినా, వాంతి వచ్చినా ఆపెయ్యాలన్నాడు. 1785లో పుస్తకం రాశాడు. బాగుపడినవాళ్ళ సంగతే కాదు, మందు పనిచెయ్యనివాళ్ళదీ, చనిపోయినవాళ్ళదీ రాశాడు. దాచేస్తే ఇంకా పేరొచ్చేది కదా!

1930లో ఈ జాతి మొక్క నుంచే డిజాక్సిన్ అనే మందు తీశారు. అది గుండె గట్టిగా కొట్టుకునేట్టు, మరీ వేగంగా కొట్టుకోకుండా చేస్తుంది. ఇప్పుడు ముందుగా నీరు తీసే మాత్రలు, గుండె మీద బరువు తగ్గించే మాత్రలు ఇస్తారు. డిజాక్సిన్ కొందరికే, అదీ జాగ్రత్తగా చూసి ఇస్తారు.

విథరింగ్ ఊపిరితిత్తుల జబ్బుతో 1799లో చనిపోయాడు. ఆయన స్మారక ఫలకం మీద ఫాక్స్‌గ్లవ్ చెక్కారు. ముసలమ్మ పేరు మాత్రం ఆయన రాయలేదు. ఆమెకి మదర్ హటన్ అని చెప్పే పేరు 20వ శతాబ్దంలో ఎవరో కల్పించి పెట్టిందే.